నొప్పిని దాచుకోవడం పుణ్యమా?



ఏటా ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగకు గుణదల కొండకు లక్షలాది భక్తులు వస్తారు. వారిలో రోగులు ఎందరో ఉంటారు. 1993 నుండి శ్రీసభ అదే రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది. నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పితో బ్రతికేవారికి మనం సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "ఓర్చుకో, దేవునికి ఒప్పగించు." మాట మంచిదే. కాని ఆ మాట విన్న రోగి డాక్టరుగారి ముందు కూడా "పరవాలేదండీ" అని ఊరుకుంటే, అది ఓర్పు అవుతుందా? ఈ వారం ఈ విషయం ధ్యానిద్దాం.

శ్రీసభ బోధ ఏమిటి?

క్రీస్తు ప్రభువు తనవద్దకు వచ్చిన రోగులను స్వస్థపరచారు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు, అతని అవసరం కంటికి కనబడుతున్నా, ఏమి కావాలో అతని నోటనే చెప్పించారు (మార్కు 10:51). గెత్సెమనే తోటలో తన వేదనను శిష్యులకు దాచలేదు. పౌలుగారు తన శరీరంలోని ముల్లును తొలగించమని మూడుసార్లు ప్రార్థించారు (2 కొరింతి 12:8). బాధను చెప్పుకోవడం అవిశ్వాసం కాదని దీనివల్ల తెలుస్తోంది.

సిలువ దగ్గర ఇచ్చిన బోళము కలిపిన ద్రాక్షారసాన్ని ప్రభువు తీసుకోలేదు కదా అని కొందరు అడుగుతారు. ఆయన మన రక్షణ కోసం తన ఇష్టపూర్తిగా చేసిన బలి అది. అంతేకాని రోగులు మందు మానాలని ఇచ్చిన ఆజ్ఞ కాదు. 1957 ఫిబ్రవరి 24న 12వ పయస్ పోపుగారు మత్తు వైద్యులతో మాట్లాడుతూ, వేరే మార్గం లేనప్పుడు, రోగి తన ఆధ్యాత్మిక, నైతిక బాధ్యతలు నెరవేర్చుకోవడానికి ఆటంకం లేనప్పుడు, మత్తు కలిగించే మందులతో నొప్పి తగ్గించవచ్చునని స్పష్టం చేశారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1995 నాటి 'జీవ సువార్త' విశ్వలేఖలో, ఇష్టపూర్వకంగా బాధను స్వీకరించేవారిని మెచ్చుకోవచ్చు గాని, దానిని అందరి విధిగా ఎంచరాదన్నారు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2279) ఉపశమన వైద్యాన్ని నిస్వార్థ ప్రేమకు ఒక ప్రత్యేక రూపమని చెప్పి, ప్రోత్సహించమంటోంది. మరణాన్ని కోరి మందు ఇవ్వడం వేరు, నొప్పి తగ్గించడానికి ఇవ్వడం వేరు.

మార్ఫిన్ అంటే భయమెందుకు?

మార్ఫిన్ నల్లమందు నుండి తయారవుతుంది. ఆ పేరు వినగానే "ఇక చివరి రోజులే", "వ్యసనపరుడైపోతాడు" అని కుటుంబం బెదిరిపోతుంది. ఇది అంతిమ ఘడియల మందు మాత్రమే కాదు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి సూచించింది. మొదటి మెట్టు పారసిటమాల్ వంటివి, రెండవది కోడీన్ వంటివి, మూడవది మార్ఫిన్. ఏ మెట్టు మందు కావాలో నొప్పి తీవ్రతను బట్టి నిర్ణయిస్తారు. రోగి ఇంకా ఎన్నాళ్లు బ్రతుకుతాడన్నది దానికి కొలత కాదు. బిళ్లల రూపంలో వేళ తప్పకుండా వాడితే చాలామంది హాయిగా నిద్రపోయి, నాలుగు ముద్దలు తిని, ఇంట్లోవారితో మాట్లాడగలుగుతారు.

శరీరం మందుకు అలవాటుపడటం ఒకటి, దానికోసం మనసు వెంపర్లాడే వ్యసనం మరొకటి. మొదటిది వచ్చినా డాక్టరుగారు మెల్లమెల్లగా మోతాదు తగ్గించగలరు. అందుకే హఠాత్తుగా మానరాదు. మొదటి కొద్ది రోజులు మగత, వికారం ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉంటుంది గనుక విరేచనకారిని కూడా మొదటినుండే అడగాలి.

మనదేశంలో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కఠిన నిబంధనలవల్ల ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడానికి వెనుకాడాయి. 2014 సవరణ ఆ నిబంధనలను సడలించింది. 1993లో కోళిక్కోడులో మొదలైన ఉపశమన వైద్య ఉద్యమం కేరళ అంతటా వ్యాపించింది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది.

అన్ని నొప్పులకూ ఇదే మందు కాదు

మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి, మధుమేహంవల్ల కాళ్ల మంటలు ఏళ్ల తరబడి ఉంటాయి. వీటికి వ్యాయామం, ఫిజియోథెరపీ, నరాల నొప్పికి వాడే వేరే మందులు ముందు చూడాలి. నల్లమందు జాతి మందులు వీటికి మొదటి ఎంపిక కావు. అమెరికాలో 1990ల చివరినుండి ఇటువంటి నొప్పులకు ఈ మందులను విచ్చలవిడిగా రాయడంవల్ల ఎందరో వ్యసనంలో పడ్డారు, ఎందరో మరణించారు. మనదేశంలో 2018లో ట్రామడాల్‌ను కూడా మాదక ద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి పక్కింటివారికి పనిచేసిందని మందుల షాపులో అడిగి కొనరాదు.

డాక్టరుగారితో ఎలా మాట్లాడాలి?

1. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, ఎటువంటిది? సలుపా, పోటా, మంటా, గుంజుడా, తిమ్మిరా? మంట, తిమ్మిరి నరాల నొప్పిని సూచించవచ్చు. దాని మందు వేరు.

2. ఎంత ఉంది? సున్న నుండి పది వరకు అంకెలో చెప్పండి. అంకె రానివారు రూపాయిలో ఎన్ని పైసలు తగ్గిందో చెప్పినా చాలు.

3. దానివల్ల ఏమి చేయలేకపోతున్నారు? నిద్ర, నడక, గుడికి రావడం, వంట వంటివి చెప్పండి.

4. ఇప్పటికే వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా చెప్పండి. మద్యం అలవాటు, మూత్రపిండాల జబ్బు, నిద్రమాత్రలు ఉంటే దాచవద్దు. వీటితో మార్ఫిన్ ప్రమాదం కావచ్చు.

5. ఇలా అడగండి: "ఈ మందు ఎందుకు? ఎన్నాళ్లు? మధ్యలో నొప్పి లేస్తే ఏమి చేయాలి? ఎప్పుడు మళ్లీ రావాలి?" జవాబులు రాసుకోండి.

మార్ఫిన్ ఇంటికి తెచ్చాక తాళం వేసి ఉంచండి. మరొకరికి ఇవ్వకండి. రోగి లేపినా లేవనంత మగతలో ఉంటే, శ్వాస బాగా నెమ్మదిస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

కుటుంబ సభ్యులారా, "అమ్మకేమీ నొప్పి లేదండీ" అని రోగి తరఫున మీరే జవాబు చెప్పకండి. ఆమెనే మాట్లాడనివ్వండి. విచారణలో రోగులను పరామర్శించేవారు ప్రార్థన చేసి లేచేముందు, "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒక్క మాట అడగండి. గురువులను పిలిచి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇప్పించండి, డాక్టరుగారినీ కలవండి. ఒకటి చేస్తే రెండవది అక్కరలేదనుకోవద్దు. మంచి సమరియుడు దెబ్బలు తిన్నవాని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రానికి చేర్చి ఖర్చు కూడా భరించాడు (లూకా 10:34-35).

మందు ఎంత వాడినా కొంత నొప్పి మిగలవచ్చు. ఆ మిగిలినదాన్ని ప్రభువు సిలువతో జతచేసి అర్పిద్దాం. తగ్గించగలిగిన నొప్పిని మాత్రం దాచుకోవద్దు.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో నొప్పిని దాచుకుంటున్నవారు ఉన్నారా? వారు ఎందుకు చెప్పడంలేదు?

2. మన విచారణలో మంచం పట్టినవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఎవరు తోడు వెళ్లగలరు?