ఉప్పు కొంచెం కొంచెంగా పెంచండి

షాపు నుంచి మాలీ చేపను తెచ్చి, కవరు విప్పి, తొట్టిలో గబుక్కున వదిలేస్తాం. రెండు రోజుల్లో అది పైకి తేలితే చేప మంచిది కాదంటాం. చాలాసార్లు తప్పు చేపది కాదు, మన తొందరది.

మాలీ గట్టి చేప. మంచినీళ్లలో బతుకుతుంది. ఏరు సముద్రంలో కలిసేచోట బతుకుతుంది. అలవాటు చేస్తే లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీళ్లలోనూ ఈదుతుంది. గప్పీ చేప కూడా అంతే. షరతు ఒక్కటే, ఉప్పు రోజుకు కొంచెం చొప్పున పెరగాలి. ఒక్కసారిగా సముద్రపు నీళ్లలో వేస్తే గప్పీ బతకడం కష్టం.

కారణం దాని ఒంట్లోనే ఉంది. చేప రక్తంలో ఉప్పు లీటరుకు సుమారు 9 గ్రాములు. మంచినీళ్లలో ఉన్నంతకాలం బయటి నీరు మొప్పల గుండా లోపలికి వస్తూనే ఉంటుంది. చేప దాన్ని మూత్రంగా బయటికి తోడేస్తూ, ఉప్పును మొప్పలతో పట్టి ఉంచుకుంటుంది. ఉప్పునీళ్లలోకి మారితే అంతా తలకిందులు. ఒంట్లోని నీరు బయటికి పోతుంది. చేప నీళ్లు తాగాలి, ఎక్కువైన ఉప్పును మొప్పలతో బయటికి నెట్టాలి. ఆ పని చేసే కణాలు మొప్పల్లో సిద్ధం కావడానికి రోజులు పడతాయి. అప్పటిదాకా తిన్న తిండిలో కొంత భాగం ఈ సర్దుబాటుకే ఖర్చవుతుంది. ఎదగడానికి మిగిలేది ఆ మేరకు తగ్గుతుంది.

మనుషులకూ ఇంతే. పదో తరగతి అయిపోగానే హాస్టల్లో చేరిన పిల్లవాడిని చూడండి. కొత్త తిండి, కొత్త గది, తెల్లవారకముందే స్టడీ అవర్. వాడి శక్తంతా ముందు ఆ నీళ్లకు అలవాటుపడటానికే పోతుంది. మొదటి వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే తెలివి తగ్గిందని కాదు. కొత్త ఉద్యోగంలో, కొత్త ఊళ్లో, అత్తవారింట్లో ఉన్న మీకూ ఇదే వర్తిస్తుంది. మొదటి నెల పనితనాన్ని బట్టి మిమ్మల్ని మీరు తూకం వేసుకోకండి.

అలాగని అందరూ మాలీలు కారు. నియాన్ టెట్రా అమెజాన్ ప్రాంతపు చేప. లవణాలు దాదాపు లేని నీళ్లలో పుట్టింది. ఎంత మెల్లగా పెంచినా సముద్రం దానికి పడదు. అది దాని బలహీనత కాదు, దానికి తగిన నీళ్లు వేరు. నెలలు గడిచినా ఊపిరాడని చోటు నుంచి బయటికి రావడం ఓటమి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొకటి నా తొట్టి నేర్పింది. చేపలకు జబ్బు చేస్తే ఉప్పు వేశాను. తర్వాత తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లే పోశాను. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. వారాలు గడిచేకొద్దీ అది పేరుకుపోయి చేపలు మేత మానేశాయి. కొంత నీరు తోడేసి మంచినీళ్లు పోస్తేనే కోలుకున్నాయి. మన బాధ్యతలూ అలాగే పేరుకుంటాయి. కొత్త బాధ్యత నెత్తికెత్తుకునే ప్రతిసారీ పాతది ఒకటి దించేయండి. ఆదివారం ఒక్కపూట నిద్రతో ఆ ఉప్పు పోదు.

ఈ ఏడు మీ పిల్లల్ని హాస్టల్లో దింపి వస్తే, మొదటి నెల ఫోన్లో మార్కులు అడగకండి. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, ఎవరైనా స్నేహితులయ్యారా అని అడగండి.