మారుగా వచ్చిన యంత్రము

అమెరికాలో 1992లో ఆరంభమైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో విద్యార్థులు తాము కట్టిన రోబోలను, అనగా మరయంత్రములను, ఆడింతురు. ప్రాంతీయ పోటీల తుది ఘట్టములలో మూడు జట్లు కలిసి ఒక కూటమి యగును. ఒక జట్టు యంత్రము చెడినయెడల, దానికి మారుగా వేరొక జట్టు యంత్రమును పిలువవచ్చును. ఇది న్యాయమేనా?

మనము రెండు సంగతులు గమనింతము. మొదటిది, కూటమి నాయకుడు తన కిష్టమైనదానిని ఏరుకొనడు. ఏ కూటమిలోను చేరక సిద్ధముగా నున్న జట్లలో పై వరుసలోనిదే వచ్చును. రెండవది, యంత్రము చెడిన జట్టు త్రోసివేయబడదు. కూటమి గెలిచినచో బహుమానములో దానికిని పాలుండును.

బెసోరు వాగునొద్ద అలసి నిలిచిన 200 మందికి దావీదు సమభాగ మిచ్చెను గదా (1 సమూ. 30). బలమైనదానిని తెచ్చుకొనుట సులభము. పని చేసి అలసినవానిని మరువకుండుటయే న్యాయము. మన పిల్లలకు ఆటలలోను దీనినే నేర్పుదము.