ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది?

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఇళ్లలో సినిమా షూటింగ్ జరుగుతుంటే గేటు బయట జనరేటర్ వ్యాన్ కనిపిస్తుంది. కరెంటు పోతే వాడుకోవడానికేమో అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అసలు కారణం ఒక చిన్న భాగహారం. షూటింగుల్లో వాడే పెద్ద హెచ్‌ఎంఐ లైటు ఒక్కటే 18 కిలోవాట్లు ఉంటుంది. 18,000 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే 78 ఆంపియర్లు. మామూలు ఇంటి వైరింగ్ అంత మోయలేదు.

ఈ లెక్క మా ఇంటికీ అవసరమేనని పోయిన మే నెలలో తెలిసింది. నాయనమ్మ గదిలో రెండో ఏసీ పెట్టించాం. రాత్రి రెండు ఏసీలూ నడుస్తుండగా నీళ్ల మోటార్ వేస్తే కాసేపటికి మెయిన్ ఎంసీబీ పడిపోయేది. దాని మీద 20 అని ఉంది. "32ది వేయిస్తే సరిపోతుంది కదా నాన్నా" అన్నాను.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి బోర్డు విప్పాడు. మీటరు నుంచి వచ్చే వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. స్క్రూ దగ్గర దాని తొడుగు మాడి గోధుమ రంగుకి తిరిగింది. "ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు తమ్ముడూ, గోడలో ఉన్న వైరుని. 32 పెడితే ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది" అన్నాడు. ఆ గోడకి ఇవతలే నాయనమ్మ మంచం.

అప్పుడు కూర్చుని లెక్కేశాను. ఒక ఏసీ 1.6 కిలోవాట్లు, మోటార్ సుమారు 1, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 0.6. మొత్తం 3.2 కిలోవాట్లు, అంటే 14 ఆంపియర్లు. రెండో ఏసీ కలిపితే 4.8 కిలోవాట్లు, 21 ఆంపియర్లు. కరెంటు ఒకటిన్నర రెట్లే పెరిగింది. కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది రెండుంపావు రెట్లు అయింది. వదులైన స్క్రూ దగ్గర రెసిస్టెన్స్ ఎక్కువ, అందుకే ముందు అక్కడే మాడుతుంది.

అదే వారం మిన్నెసోటాలో ఉండే బాబాయ్ ఫోన్ చేశాడు. వాళ్లింటికి జియోథర్మల్ హీటింగ్ పెట్టిస్తున్నారు. మన ఏసీ గదిలోని వేడిని బయటికి తోడుతుంది. అది భూమిలో వేసిన పైపుల ద్వారా నేలలోని వేడిని ఇంట్లోకి తోడుతుంది. వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకి మూడు నాలుగు యూనిట్ల వేడి వస్తుంది.

ఇంత పొదుపైన మెషీన్‌కి 100 ఆంపియర్ల సర్వీసు తీసి 200 ఆంపియర్లది ఎందుకు వేయమన్నారు? కారణం దానికి తోడుగా పెట్టే బ్యాకప్ హీటర్. అది మన గీజర్ లాంటిదే, కానీ 10 కిలోవాట్లు. అక్కడి 240 వోల్టుల మీద దాదాపు 42 ఆంపియర్లు. బాగా చలి ముదిరిన కొన్ని రోజులే వాడినా, ఆ రోజు వైరు తట్టుకోవాలి. బిల్లు నెలంతా వాడిన యూనిట్లని చూస్తుంది. వైరు ఆ క్షణంలో పారే ఆంపియర్లనే చూస్తుంది. మేం ఏసీ కొనేటప్పుడు స్టార్లు చూశాం, బిల్లు ఊహించుకున్నాం, వైరుని మాత్రం మర్చిపోయాం.

మీ ఇంట్లో కొత్తగా ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్ కొనే ముందు ఇలా చేయండి. ఒకేసారి నడిచే వస్తువుల వాట్లు కూడి 230తో భాగించండి. మీటరు నుంచి బోర్డుకి వచ్చే వైరు సైజు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బిల్లు మీద ఉన్న లోడు చాలకపోతే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి. మన దగ్గర అయితే టీజీఎస్‌పీడీసీఎల్‌కి. మీటరు తర్వాత ఉన్న వైరింగ్ బాధ్యత మనదే.

చలికాలం గీజర్ 2 కిలోవాట్లు కూడా కలిపి మేం 6.8 కిలోవాట్లకి లెక్కేసుకుని త్రీ ఫేజ్ తీసుకున్నాం. సమానంగా పంచితే ఫేజుకి సుమారు 10 ఆంపియర్లే. షాక్ నుంచి కాపాడటానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎర్తింగ్‌కే కష్టమైంది, మా ఏరియాలో కొంచెం తవ్వగానే బండ తగులుతుంది. అయినా వదల్లేదు.

ఖర్చు దాదాపు రెండో ఏసీ ధరంత అయింది. "దీనికంటే విసనకర్రే నయం కదరా" అంది నాయనమ్మ. కానీ ఏసీ ఆపమంటే మాత్రం ఒప్పుకోవడం లేదు.