కొలెస్ట్రాల్ తగ్గాలంటే నూనెతో పాటు అన్నం కూడా చూసుకోవాలి

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే ఓ.పి.లో మమ్మల్ని ఎక్కువమంది అడిగే మాట, "సిస్టరమ్మా, ఇక గుడ్డు మానేయాలా?" అని. చాలామందికి రోజుకు ఒక గుడ్డుతో ఇబ్బంది లేదు. షుగరు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరు గారిని అడగండి. మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయమే తయారు చేస్తుంది. దాన్ని అతిగా పెంచేవి నెయ్యి, డాల్డా, పామాయిల్, మాంసం మీది కొవ్వు, మరిగించిన నూనెలోనే మళ్ళీ వేయించిన బజ్జీలు.

నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని చూసి మోసపోకండి. అది జంతువుల నుండి వచ్చే ఆహారంలోనే ఉంటుంది, ఏ మొక్క నూనెలోనూ ఉన్నట్టు చెప్పుకోదగినంత ఉండదు. బుడ్డల నూనె మంచిదే, కానీ కొలత కావాలి. మనిషికి రోజుకు 4, 5 టీ స్పూన్లు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు 3 లీటర్లు దాటకూడదు. ఈ మాట చెప్పగానే మన ఆడవాళ్ళు నవ్వుతారు. ఉగ్గాని, బజ్జీల ఊళ్ళో ఇది కష్టమేనని మాకూ తెలుసు.

ఇక అన్నం సంగతి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ట్రైగ్లిజరైడ్లు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ (హెచ్.డి.ఎల్.) తగ్గడం. మూడు పూటలా గిన్నెడు సోనా మసూరి అన్నం, పైన తీపి టీలు. ఒంటికి పని లేనప్పుడు ఆ మిగులును కాలేయం కొవ్వుగా మారుస్తుంది. మాంసం ముట్టనివారికీ, సన్నగా ఉన్నవారికీ రిపోర్టు ఎక్కువ రావడానికి ఇదొక కారణం. ఒక పూట జొన్నరొట్టె గానీ కొర్రన్నం గానీ తినండి. కొర్రలో సూర్యనంది రకం మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వచ్చినదే. పక్కన అలసందలు, ఉలవలు, పుంటికూర, గోరుచిక్కుడు ఎక్కువ పెట్టుకోండి, వాటి పీచు కొలెస్ట్రాల్‌ను కొంత బయటకు పంపిస్తుంది. అయితే రొట్టె తిన్నాక మళ్ళీ అన్నం కలుపుకుంటే లాభం లేదు.

మంచి కొలెస్ట్రాల్ కొంతైనా పెరగడానికి మార్గం నడక, బీడీ సిగరెట్టు మానడం. ఎండ ముదరకముందే అరగంట, వారానికి అయిదు రోజులు, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి.

మమ్మల్ని బాధపెట్టే విషయం ఒకటుంది. ఆళ్ళగడ్డ వైపు నుండి ఒక పెద్దాయన ఛాతీనొప్పితో వచ్చారు. అంతకుముందు మాత్ర వాడితే మూడు నెలల్లో రిపోర్టు నార్మల్‌కు వచ్చింది. "బాగైపోయింది కదమ్మా" అని ఆయనే ఆపేశారు. బాగైంది మాత్ర వల్లనే! ఆపితే కొన్ని వారాల్లోనే మళ్ళీ పెరుగుతుంది, పెరిగినట్టు ఒంటికి తెలియదు. దేశమంతటా చేసి 2023లో ప్రచురించిన ఐ.సి.ఎం.ఆర్. సర్వేలో పెద్దవారిలో దాదాపు నలుగురికి ఒకరికి కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని తేలింది. వారిలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

చెడు కొలెస్ట్రాల్ (ఎల్.డి.ఎల్.) మామూలు మనిషికి 100 లోపు, షుగరు ఉన్నవారికి సాధారణంగా 70 లోపు ఉండాలి. 190 దాటితే పథ్యం ఒక్కటే చాలదు. మాత్రతో కండరాల నొప్పులు వస్తే ఆపేయక వచ్చి చెప్పండి, మోతాదు గానీ మందు గానీ మార్చవచ్చు. గర్భవతులు, బిడ్డ కావాలనుకునేవారు ముందే చెప్పాలి. థైరాయిడ్ తక్కువైనా ఎల్.డి.ఎల్. పెరుగుతుంది కనుక ఆ పరీక్షా అడుగుతాము.

మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్ళీ పరీక్షకు రండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టు, మీరు మింగుతున్న మాత్రల అట్ట తప్పక తెచ్చుకోండి.