కన్నుల రంగు: ఒక తరగతిలోని పాఠము

ఒకని గుణము నెరుగక, వాని పుట్టుకనో రూపమునో చూచి తక్కువవాడని తలంచుటను దురభిప్రాయమందురు. ఇది బాలుర మనస్సులో నెట్లు పుట్టునో చూపు చిత్రములు రెండు అమెరికాలో వెలువడెను. మొదటిది 1970లో ఏ.బి.సి. టెలివిజన్ వారు ప్రదర్శించిన 'ది ఐ ఆఫ్ ది స్టార్మ్'. రెండవది 1985 నాటి 'ఎ క్లాస్ డివైడెడ్'. రెండింటికిని ఆధారము ఒక్క తరగతియే.

అయోవా రాష్ట్రమందలి రైస్‌విల్ ఒక చిన్న ఊరు. 1968 ఏప్రిల్ 4వ తేదీన నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య చేయబడెను. ఆ ఊరి మూడవ తరగతి ఉపాధ్యాయిని జేన్ ఇలియట్ గారు, ఈ ఘోరమునకు మూలమైన భావము తెల్లజాతి పిల్లలకు మాటలతో బోధపడదని తలచి, మరునాడే తరగతిని కన్నుల రంగునుబట్టి రెండుగా విభజించిరి. తరువాత 1970లో మరియొక తరగతికి ఈ పాఠమునే చెప్పగా చిత్రము తీయబడెను.

మొదటి దినమున నీలికన్నులవారు శ్రేష్ఠులని ఆమె ప్రకటించిరి. వారికి ఆటవిడుపు ఐదు నిమిషములు ఎక్కువ. గోధుమరంగు కన్నులవారు మెడకు గుడ్డపట్టీ ధరింపవలెను; అందరు త్రాగు కుళాయివద్ద త్రాగరాదు, వారికి కాగితపు గ్లాసులు. నిన్నటి స్నేహితులే నేడు పరిహసించిరి. కన్నుల రంగే తిట్టయ్యెను. ఆటస్థలమున కొట్లాటయు జరిగెను. మరునాడు ఆమె తాను చెప్పినది తప్పని పలికి, పట్టీలను నీలికన్నులవారికి మార్పించిరి.

ఉపాధ్యాయులమగు మమ్ము మిక్కిలి కలచినది ఒక చిన్న సంగతి. అట్టముక్కల మీది అక్షరధ్వనులను చదువుటకు గోధుమరంగు కన్నులవారికి పట్టీ ఉన్న దినమున ఐదున్నర నిమిషములు పట్టెను. పట్టీ తీసిన దినమున రెండున్నర నిమిషములే. పిల్లలు వారే, అట్టలు అవే. ఒక్క రాత్రిలో బుద్ధి పెరుగలేదు. అవమానము తొలగెను, అంతియే. ఆ దినమున నీలికన్నులవారి చదువు మందగించెను.

చిన్నబిడ్డలను ఇట్లు నొప్పించుట తగదని విమర్శించినవారును గలరు. ఆ విమర్శ త్రోసివేయదగినది కాదు. 1984లో పెద్దవారై తిరిగివచ్చిన పూర్వవిద్యార్థులు ఆ పాఠము తమకు మేలు చేసెనని చెప్పినను, దీనిని మన తరగతులలో జరుపుమని మేము చెప్పము. మన దేశమున వేరు గ్లాసు, వేరు బావి అను పాఠము ప్రయోగముగా గాక బ్రతుకుగానే తరతరములు నడచెను. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసినను, మనస్సులోని పట్టీని చట్టము విప్పజాలదు.

"మొద్దు", "వీనికి చదువు రాదు" అను మాటలును పట్టీలే. అట్టివానిని తెలియక మేమును కట్టితిమి, తలిదండ్రులును కట్టుచుందురు. బిడ్డ వెనుకబడినపుడు వాని బుద్ధిని శంకించుటకు ముందు, వాని మెడకు మనమేమి కట్టితిమో చూచుకొందము.

ఆలోచింపుడు:
1. రెండవ దినమున గోధుమరంగు కన్నులవారు ఏల వేగముగా చదివిరి?
2. మీరు ఎవరికైన పెట్టిన పేరు వారికి పట్టీ అయినదా?