కూర్చున్న చోటి నుంచే

వ్యాయామం అనగానే పొద్దున్నే లేచి రోడ్డు వెంట నడవడమో, జిమ్ముకు పోవడమో గుర్తొస్తుంది. ఆ రెండూ కుదరని వాళ్లు ‘ఇక మన వల్ల కాదులే’ అని అక్కడితో వదిలేస్తారు. కూర్చున్న చోటే చేయగల పిడికిలి వ్యాయామం గురించి వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ఇలాంటి వాళ్లు పల్లెల్లోనూ ఉన్నారు. వికారాబాద్ జిల్లా నవాబుపేట మండలం వైపు చూడండి. కూరగాయలు పండించి పట్నానికి పంపే ఊళ్లు. ఒక తరం కిందట ఇక్కడ చేతులకు తీరికే లేదు. బొక్కెనతో నీళ్లు చేదాలి, బర్రె పాలు పిండాలి, ఇసుర్రాయి తిప్పాలి, కలుపు పీకాలి. ఇప్పుడు మోటారు స్విచ్చి వేస్తే నీళ్లొస్తాయి, పిండి గిర్నీలో పడుతుంది. చిటిగిద్దలో రైలెక్కి పట్నం పోయే రైతు కొడుకు సెక్యూరిటీ కుర్చీలో పన్నెండు గంటలు కూర్చుంటాడు. ఊళ్లో కిరాణా కొట్టు నడిపే అన్న పొద్దంతా గల్లా ముందే. ఒళ్లు అలవకపోవడం సుఖమే, కాదనను. కానీ ఆ సుఖానికి లెక్క రక్తనాళాల్లో పడుతూనే ఉంటుంది.

ఆ లెక్క చాలా ముందే మొదలవుతుందని మన దగ్గరే తేలింది. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో 1987–90 మధ్య పుట్టిన పిల్లలను జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి, వాళ్ల రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో కొలిచారు. తల్లి కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లల నాళాలు కొంత మెత్తగా ఉన్నట్టు 2008లో ప్రకటించారు. పసితనం మన చేతిలో లేదు. ఆ తర్వాతిది మాత్రం చాలావరకు ఉంది.

పిడికిలి సంగతికి వస్తే, భారత్ సహా 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది పట్టును ఒక చిన్న పరికరంతో కొలిచిన అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాల ముప్పు 16 శాతం, పక్షవాతం ముప్పు 9 శాతం ఎక్కువగా కనిపించింది. చేతి పట్టు ఒంట్లోని కండ బలం మొత్తానికి గుర్తు. పట్టు సడలిందంటే కాళ్లూ నడుమూ కూడా సడలుతున్నాయని అనుమానించాలి.

పక్షవాతం మాట వచ్చింది కాబట్టి మెదడు సంగతి చూద్దాం. మన బరువులో మెదడు వాటా 2 శాతమే. గుండె పంపే రక్తంలో మాత్రం 15 శాతానికి పైగా దానికే పోతుంది. ఆ రక్తాన్ని లోలోపలికి చేర్చేవి వెంట్రుకలాంటి సన్నని నాళాలు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై, దారి ఇరుకై, ఒకచోట మూసుకుపోతాయి, మరోచోట చిట్లుతాయి. పెద్ద దెబ్బయితే పక్షవాతం. చిన్న చిన్న దెబ్బలు పోగైతే మతిమరుపు, చిరాకు, ఏ పనీ మొదలుపెట్టలేని నిస్సత్తువ. ‘మనిషి మారిపోయాడు’ అని ఇంట్లో వాళ్లు అనుకునే మార్పుల్లో కొన్ని ఇలా కూడా వస్తాయి. వ్యక్తిత్వం గురించి రాసేవాళ్లు ఈ నాళాల ఊసెత్తకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది. ఓపిక, జ్ఞాపకం, నిర్ణయం, అన్నీ వాటి మీద ఆధారపడ్డవే.

ఈ నాళాలకు పిడికిలి ఎలా సాయపడుతుందో చూడండి. పిడికిలి బిగించి ఉంచినప్పుడు చేతి కండ లోపలి నాళాలను నొక్కుతుంది. వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆ ఒరిపిడికి నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలి గోడలను సడలిస్తుంది. కొన్ని వారాల పాటు చేస్తే మామూలు వేళల్లో కూడా బీపీ దిగుతుంది. 270 ప్రయోగాలను కలిపి చూసిన 2023 నాటి విశ్లేషణలో, కదలకుండా కండను బిగబట్టే వ్యాయామాలతో పై అంకె సగటున 8 దాకా తగ్గింది. బీపీ తగ్గితే మెదడుకు మేలన్నది చైనాలో 326 పల్లెల్లో జరిగిన పెద్ద ప్రయోగం చూపించింది. అక్కడ పల్లె వైద్యులే మందులతో, జాగ్రత్తలతో నాలుగేళ్లు బీపీని అదుపులో పెడితే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) 15 శాతం తగ్గింది.

చేసే పద్ధతి తేలిక. రబ్బరు బంతి గానీ గట్టిగా చుట్టిన తువ్వాలు గానీ పట్టుకుని, మోచేతిని పక్కకు ఆనించి కూర్చోండి. మీ పూర్తి బలంలో మూడో వంతుతో నొక్కి రెండు నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలు వదిలేయండి. ఇలా చేతులు మార్చుకుంటూ నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు. మొదటి నిమిషం ఏమీ అనిపించదు. ఒకటిన్నర దాటాక ముంజేయి సన్నగా వణుకుతుంది, దవడ తెలియకుండానే బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. అక్కడే జాగ్రత్త. ఊపిరి బిగబడితే బీపీ ఇంకా ఎగబాకుతుంది. అందుకే అంకెలు పైకి లెక్కపెట్టండి, నోరు కదులుతుంటే ఊపిరి ఆగదు.

ఆ చివరి ముప్పై సెకన్లు చేతికే కాక మనసుకూ పరీక్ష. వదిలేస్తే అడిగేవారుండరు. అయినా వదలకపోవడం వల్ల, ‘నేను అనుకున్నది చేయగలను’ అన్న నమ్మకం ఎవరి చప్పట్లూ లేకుండా లోపల కుదురుకుంటుంది. ఏళ్లుగా కూర్చుండిపోయిన మనిషికి నడక కంటే ముందు కావలసింది అదే. అది కుదిరాక ఊరి చివరి దాకా నడవడం మొదలుపెట్టండి. నడక చేసే మేలు పిడికిలి చేయదు.

ఆశా కార్యకర్త బీపీ మిషన్ పట్టుకుని వస్తే “నాకేం బీపీ లేదు బిడ్డా, మంచిగనే ఉన్న” అని తప్పించుకునే పెద్దలు ప్రతి వాడలో ఉంటారు. బీపీ నొప్పి పెట్టదు, అందుకే కొలవాలి. మొదలుపెట్టే ముందు పల్లె దవాఖానాలో చూపించుకుని అంకె రాయించుకోండి. పై అంకె 180 దాటితే, గుండె జబ్బుంటే, ఇటీవల పక్షవాతం వచ్చి ఉంటే డాక్టరు చెప్పాకే పిడికిలి పట్టండి. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలిపించుకోండి. అంకె దిగిందని మీ అంతట మీరు మాత్ర మానకండి. డాక్టరుకు మునుపటి కొలత, ఇప్పటి కొలత రెండూ చూపించి అడగండి.