పాత అంబాసిడర్, కొత్త స్పోర్ట్స్ కారు: రెండూ ఉన్న ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

అమెరికాలో 1960ల నాటి పాంటియాక్ జీటీఓ, ఫోర్డ్ మస్టాంగ్ లాంటి మజిల్ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. మన వైపు ఆ ప్రేమ అంబాసిడర్‌కు దక్కింది. ఉత్తరపారాలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా తాతగారి కారును అమ్మడానికి మనసొప్పక షెడ్డులో ఉంచుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అదే వాకిట్లోకి పిల్లలు కొన్న స్పోర్ట్స్ కారు వచ్చి నిలబడ్డాక జాగ్రత్త రెట్టింపు కావాలి. రెండూ మంచి బళ్లే. ఒకదానికి అలవాటుపడిన కాలు రెండోదాన్ని కూడా అలాగే తొక్కుతుంది, ప్రమాదమంతా అక్కడే.

ముందు బ్రేకు సంగతి. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, ఏబీఎస్ లేదు. ఒక్కసారిగా గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది, స్టీరింగ్ తిప్పినా తిరగదు. అందుకని తొక్కుతూ, వదులుతూ, మళ్లీ తొక్కుతూ ఆపాలి. కొత్త కారులో ఇలా చేయకూడదు. ఆపద వచ్చినప్పుడు పెడల్‌ను చివరిదాకా తొక్కి అలాగే పట్టి ఉంచండి. కాలి కింద టకటకమని అదిరితే భయపడి వదలకండి, ఏబీఎస్ పనిచేస్తోందనడానికి ఆ అదురే గుర్తు. కారు మారిన ప్రతిసారీ, ఊరు దాటకముందే ఖాళీ చోట రెండుమూడుసార్లు బ్రేకు వేసి చూసుకోండి.

దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా పోయే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డులో సిమెంటు, సున్నం లారీల మధ్య నడపాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. పాత బండిలో ముందున్న లారీకి కనీసం నాలుగు సెకన్ల ఎడం ఉంచండి. కొత్త కారులో వెళ్లినట్టు సందు దొరికిందని దూరకండి.

శ్రీశైలం వెళ్లేవాళ్లు దోర్నాల ఘాట్ గుర్తుంచుకోవాలి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, దాన్ని అక్షరాలా పాటించండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకండి. అదేపనిగా తొక్కితే డ్రమ్ములు కాగిపోయి బ్రేకు పట్టు తప్పుతుంది. తొలినాటి మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు లైను. ఒక్క పైపు కారితే పెడల్ నేలకు తగులుతుంది. బయల్దేరే ముందు చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్పించండి.

రెంటచింతల ఎండల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వేడికి కార్బురేటర్ బళ్లలో పెట్రోలు పంపులోనే ఆవిరై ఇంజన్ ఆగిపోతుంది. అప్పుడు బానెట్ ఎత్తి, నీడన చల్లారనివ్వండి. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు వస్తాయి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగు నీళ్లు ముఖాన కొడతాయి. పెళ్లి ఊరేగింపుకు బండి అడిగితే కాదనలేం. కానీ మొదటి గేరులో గంటలకొద్దీ పాకించకండి, బాణసంచా దగ్గరికి అసలే తీసుకెళ్లకండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోలేవు, ఆ పెట్రోలుకు పనికొచ్చే పైపులు వేయించండి. కారులో పెట్రోలు వాసన వస్తే, ఎక్కడినుంచో తేలేదాకా తాళం తిప్పకండి. అగ్నిమాపక సిలిండర్ డిక్కీలో కాదు, డ్రైవర్ చేతికందే చోట ఉండాలి.

పిల్లల విషయంలో నేను ఏమాత్రం సర్దుకోను. బెల్టులు లేని పాత బండిలో వాళ్లను హైవే ఎక్కించవద్దు. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఏ కారులోనూ తగదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో మరీ ప్రమాదం, అది విచ్చుకునే దెబ్బకే పసిబిడ్డ ప్రాణం పోవచ్చు. పాత కారుకు బెల్టులు బిగించాలంటే తుప్పు పట్టిన రేకుకు కాకుండా, లోపల గట్టి ప్లేటు వేయించి దానికి బిగించండి.

టైర్లలో గాడులు లోతుగా ఉన్నాయని మోసపోకండి. పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. షెడ్డులో నిలబడి ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. స్పోర్ట్స్ కారు టైర్ల పక్కగోడ సన్నం, గుంతలో దిగితే రిమ్ము కూడా పోతుంది, అక్కడ వేగం తగ్గించాల్సిందే. కొత్త దాంట్లో ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి బలం చూపించబోకండి.

రైలు గేటు మీద గేరు మార్చకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేయకండి, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

పత్రాల మాట కూడా ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ తర్వాత దాన్ని ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలు పోయించడానికో తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. నరసరావుపేటలో పని పడితే కొత్త కారు తీయండి.